బస్తరు సీమలో నొప్పులకు వాడు మూలికలు: పురపాలక, తాలూకా అధికారులు గమనింపవలసిన సంగతులు



బస్తరు సీమయందు గ్రామవాసులు ఒడలినొప్పులకును, కీళ్ల నొప్పులకును, బెణుకులకును, పంటిపోటునకును వాడుకొను మూలికలను గూర్చియు, వానివలన గలుగు మేలు కీడులను గూర్చియు, ఈ విషయమున అధికారులు చేయదగిన పనులను గూర్చియు తెలుపుట ఈ ఉపన్యాసమున కుద్దేశము. మూలికావైద్యమును పొగడుటగాని, నిందించుటగాని యిందు తలపెట్టబడలేదు. ఏ నొప్పిని మూలికకు విడిచిపెట్టవచ్చును, ఏ నొప్పిని ఒక పూటయైనను విడిచిపెట్టరాదు అను భేదమును స్పష్టపరచుటయే ముఖ్యవిషయము.

సీమ స్వరూపము

బస్తరు 1948వ సంవత్సరము జనవరి 1వ తేదీన భారతదేశమున చేరువరకు సంస్థానముగా నుండెను. 2000వ సంవత్సరము నవంబరు 1వ తేదీనుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోనిది. నేడు బస్తరు, కాంకేరు, కొండగావ్, నారాయణపూరు, దంతెవాడ, బీజాపూరు, సుక్మా అను ఏడు జిల్లాలు గల విభాగమునకు జగదల్పూరు ముఖ్యపట్టణము. ఈ సీమకును తెలుగుదేశమునకును గల సంబంధము క్రొత్తది కాదు. ఓరుగల్లు కాకతీయవంశజుడగు అన్నమదేవుడు ఇచ్చట రాజ్యము స్థాపించెనని సంప్రదాయము చెప్పుచున్నది. దక్షిణమున కోంటా, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు నేటికిని వినబడుచుండును. అచ్చటి దోర్లాల భాష కోయభాషకు చేరినది. జగదల్పూరునుండి సుక్మా, కోంటా, చింతూరుల మీదుగా భద్రాచలమునకు వచ్చు రాజమార్గమున సరకులతోపాటు రోగులును వచ్చుచుందురు. ఏటేట మిరపకాయలు కోయు దినములలో దక్షిణ బస్తరు కూలీలు ఖమ్మము, భద్రాద్రి కొత్తగూడెము జిల్లాల పొలములకు వచ్చెదరు. 2005 తరువాత అచ్చట చెలరేగిన సంఘర్షణమువలన అనేక కుటుంబములు సరిహద్దు దాటి గోదావరి ప్రాంతపు అడవులలో నివాసము లేర్పరచుకొన్నవి. కావున బస్తరు మూలికల సంగతి బస్తరు అధికారులకు మాత్రమే సంబంధించినది కాదు. గోదావరి కిరువైపుల నున్న అధికారులందరకును సంబంధించినది.

వైద్యము చేయువారు

బస్తరు గ్రామములలో రోగి మొదట పోవునది గునియా యొద్దకో, సిరహా యొద్దకో. సిరహా దేవతావేశముచే పలుకువాడు. గునియా మంత్రమును మూలికయు రెండును తెలిసినవాడు. వీరుగాక, మంత్రముతో పనిలేక మూలికలను మాత్రమే యిచ్చు వైద్యులును, ఎముకలు కట్టువారును గలరు. వారపు సంతలలో చింతపండు, ఇప్పపూవు, ఉప్పు అమ్ముచోటనే వేళ్లును, బెరడులును, గింజలును గుట్టలుగా పోసి అమ్ముదురు. కొనువాడు నొప్పి యెచ్చటనో చెప్పును. అమ్మువాడు వేరు తీసి యిచ్చును. కొలత పిడికెడో, చిటికెడో, వ్రేలి పొడవో యగును.

వీరిని మోసగాండ్రని త్రోసివేయుట న్యాయము కాదు. తరతరములుగా అడవిని చూచి, వాడి, ఫలము గమనించి నిలుపుకొన్న జ్ఞానము వీరియందు గలదు. రాత్రివేళ పిలిచినను వచ్చువారు వీరే. రోగి భాషలో మాటలాడువారును వీరే. అయినను కన్నులకు కనబడని వ్యాధి లోపల నున్నప్పుడు దానిని కనుగొను సాధనములు వీరియొద్ద లేవు. ఈ రెండు సంగతులను కలిపి చూడవలయును.

పైపూతలు, కాపడములు

నొప్పులకు వాడబడు మూలికలలో ఎక్కువభాగము పైకి వాడునవే. వీనివలన కీడు స్వల్పము, సుఖము నిజము.

వావిలి యాకును హిందీవారు నిర్గుండి యందురు. ఆకులను మరుగునీటిలో వేసి ఆవిరి పట్టుటయు, పెనముమీద వెచ్చజేసి గుడ్డలో మూటగట్టి మోకాళ్లకును నడుమునకును కాపడము పెట్టుటయు బస్తరులోను తెలుగునాటను ఒక్కటే వాడుక. ఆముదపాకునకు నూనె రాసి వేడిచేసి వాపుమీద కట్టుదురు. ఇప్పగింజలనుండి తీసిన నూనె చలికాలమున నేతివలె గడ్డకట్టును. దానిని కరగించి బరువులు మోసినవారి ఒడలికి మర్దన చేయుదురు. పసుపును సున్నమును కలిపి బెణుకులకు పట్టు వేయుదురు. ఈ చికిత్సలయందు మూలిక గుణము కొంత యుండవచ్చును గాని, వేడియు, మర్దనమును, విశ్రాంతియు చేయు మేలే యధికము. పొలమున వంగి నాటిన స్త్రీకిని, కట్టెలమోపు దింపిన పురుషునికిని ఇంతకంటె మిన్నయగు చికిత్స తొలిదినమున వైద్యుడును చెప్పడు.

నరమామిడి చెట్టు బెరడును హిందీ బజారులలో మైదాలకడీ అందురు. దీని పొడిని నీటితో కలిపిన జిగురుగా నగును. బెణికిన కీలుమీద పూసి గుడ్డ చుట్టిన ఆరి బిగిసి, కీలును కదలనీయక నిలుపును. కదలకుండుటచేతనే నొప్పి తగ్గును. నల్లేరును నూరి విరిగిన యెముకపై కట్టుటయు కలదు. ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. ఎముక విరిగినచో వాపు రానురాను పెరుగును. కట్టు మాత్రము పెరుగదు. బిగుతైన కట్టు క్రింద రక్తము పారక వ్రేళ్లు చల్లబడి, నీలమై, తిమ్మిరియెక్కి, తుదకు చేయియో కాలో కుళ్లి తీసివేయవలసి వచ్చును. కావున కట్టు వేసినవాడు వ్రేళ్ల కొనలను తెరచియుంచి పూటకొకమారు చూచుచుండవలెననియు, రంగు మారినను, స్పర్శ తెలియకున్నను వెంటనే కట్టు విప్పి ఆసుపత్రికి పంపవలెననియు ప్రతి ఎముకల వైద్యునికిని చెప్పవలయును. ఈ యొక్క మాటవలన అవయవములు నిలుచును.

పంటిపోటునకు నేలములక పండ్ల గింజలను నిప్పులపై వేసి పొగ పట్టి, పంటిలోని పురుగులు రాలునని చెప్పుట మధ్యదేశమంతట గలదు. పంటిలో అట్టి పురుగు లుండవు. పొగవలన కొంతసేపు పోటు మరుగుపడవచ్చును గాని, పుచ్చు లోలోపల పెరిగి దవడకు చీము పట్టును. లవంగనూనె యందలి యూజెనాలు అను పదార్థము నిజముగా పంటి నరమును మొద్దుబార్చును. దంతవైద్యులును దానిని వాడుదురు. అదియు దంతవైద్యుని చేరువరకు మాత్రమే.

మిరపకాయలోని మంట పుట్టించు కాప్సైసిను అను సారమును పూతమందుగా చేసి నరముల నొప్పులకును కీళ్ల నొప్పులకును వాడుచున్నారు. ఆ మంటను గ్రహించు నాడీద్వారమును కనుగొన్న డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞునకు 2021వ సంవత్సరపు నోబెల్ బహుమతిలో భాగము లభించినది. అయితే పచ్చిమిరపను నూరి నేరుగా చర్మమునకు రాచుట తగదు, బొబ్బలెక్కును.

జిల్లేడాకును వెచ్చజేసి కట్టుట సర్వసాధారణము. దాని పాలు మాత్రము కంటిలో పడినచో నల్లగ్రుడ్డు పొర చెడి చూపు మందగించును. మొదట నొప్పి యంతగా లేకపోవుటచేత రోగి యుపేక్షచేయును. పాలు పడినవెంటనే మంచినీటితో చాలసేపు కడిగి కంటివైద్యునికి చూపవలెను.

ప్రాణహాని గల మూలికలు

ఇక లోనికి పుచ్చుకొనిన ప్రాణముమీదికి తెచ్చు మూలికలు కొన్ని గలవు. వీనిని సంత బజారులలో అధికారులు కంటితో గుర్తింపగలుగవలెను.

అగ్నిశిఖ, అడవినాభి, కలిహారి యనునవి ఒక్క తీగకు పేర్లు. వర్షకాలమున ఎఱుపు పసుపు రంగులతో నిప్పుసెగవలె పూయును. దాని దుంపను నూరి కీళ్లకు పట్టు వేయుదురు. తినదగిన దుంపయని భ్రమపడి వండుకొనినను, మోతాదు మీరి మ్రింగినను కొన్ని గంటలలో వాంతులును విరేచనములును పుట్టును. వానిని అతిసారమని తలచుదురు. రెండుమూడు దినములలో ఎముకమూలుగ చెడి, రక్తకణములు తరిగి, అవయవములు శక్తి యుడిగి మరణము కలుగవచ్చును. బ్రదికినవారికి జుట్టు రాలిపోవును. ఇందలి విషము కాల్చిసిను. ఆ పదార్థమునే మిక్కిలి స్వల్పమోతాదులో మాత్రలుగా వాతరక్తమను కీళ్లవ్యాధికి వైద్యు లిచ్చుచున్నారు. మందునకును విషమునకును నడుమ దూరము ఎంత తక్కువో యిందువలన తెలియగలదు.

ముష్టి గింజలు బిళ్లలవలె గుండ్రముగా బూడిదరంగు నూగుతో నుండును; బజారున కుచ్లా యందురు. నడుము నొప్పికిని, వాతమునకును వాడుదురు. ఇందలి స్ట్రిక్నిను వెన్నుపామును రేపి, చిన్న చప్పుడునకే ఒడలంతయు విల్లువలె వంగునట్టి మూర్ఛలు పుట్టించును. ఆయుర్వేదమున దీనిని శుద్ధిచేయు విధులు చెప్పబడినవి. సంతలో అమ్ము గింజకు ఆ శుద్ధి జరిగినదో లేదో కొనువానికి తెలియదు.

ఉమ్మెత్త ఆకు వాపులకు కట్టిన హాని తక్కువ. దాని గింజలు కడుపులో పడినచో నోరెండి, కనుపాపలు విచ్చి, సన్నిపాతము తగిలినట్లు రోగి పలవరించును. దయ్యము పట్టినదని భూతవైద్యమునకు దిగి కాలము పోగొట్టుట కలదు.

నల్లజీడి గింజయే హిందీవారి భేల్వా. పూర్వము చాకలివారు బట్టలకు గుర్తు పెట్టుటకు వాడిన గింజ యిదియే. హరేలీ అమావాస్యనాడు బస్తరు రైతులు దీని కొమ్మలను పొలములలో నాటుదురు. దీని నూనెతో పాదముల పగుళ్లకును, బెణుకులకును చుక్కలు పెట్టుట వాడుక. దీని రసము చర్మమును పొక్కించును. కొందరికి ముఖమును కన్నులును వాచును. లోనికి పుచ్చుకొనిన మూత్రపిండములకు హాని.

1940వ సంవత్సరపు ఔషధ సౌందర్యసామగ్రి చట్టము క్రింద ఏర్పడిన నియమములలోని ఇ(1) అను పట్టికయందు ఈ నాలుగు ద్రవ్యములును జిల్లేడుతో గూడ విషద్రవ్యములుగా నెన్నబడినవి. వీనితో తయారగు దేశీయౌషధములను వైద్యుని పర్యవేక్షణలో పుచ్చుకొనవలెనను హెచ్చరిక చీటిమీద నుండవలయును. సంతలో గోనెపై పోసి అమ్ము వేరునకు చీటి యెచ్చటిది?

చెట్టునుండి మాత్రకు

మూలిక వేరు, ఇంగ్లీషు మందు వేరు అను తలంపు జనులలో బలముగా నున్నది. చరిత్ర యట్లు చెప్పదు. ఇంగ్లండు దేశమున ఎడ్వర్డు స్టోను అను మతాచార్యుడు విల్లో చెట్టు బెరడును ఎండబెట్టి పొడిచేసి సుమారు 50 మంది చలిజ్వరరోగుల కిచ్చి, ఆ ఫలితమును 1763లో రాయల్ సొసైటీకి నివేదించెను. 1828లో మ్యూనిక్ నగరమున బుక్నరు ఆ బెరడునుండి సాలిసిను అను సారమును తీసెను. 1897లో బేయరు కర్మాగారమున ఫెలిక్సు హాఫ్మను చేసిన సంబంధిత పదార్థమే 1899నుండి ఆస్పిరిన్ అను పేర లోకమంతట వ్యాపించెను. నల్లమందునుండి మార్ఫియా, అనగా మార్ఫిను, జర్మను దేశపు సెర్టుర్నరుచే 19వ శతాబ్దారంభమున వేరుచేయబడెను. పారిసు నగరపు పెల్లెటియరు, కావెంటూ అను నిరువురు 1818లో స్ట్రిక్నినును, 1820లో కాల్చిసినును, ఆ 1820లోనే మలేరియాకు మందగు క్వినైనును చెట్లనుండి తీసిరి. విషమును మందును ఒక్క చేతిమీదుగానే వెలువడినవి.

ఇందువలన తెలియవలసిన దేమన, మాత్రకును బెరడునకును భేదము పుట్టుకలో లేదు, తూకములో నున్నది. మాత్రలో నున్న మందు ఎన్ని మిల్లీగ్రాములో వ్రాసియుండును. బెరడులోని సారము నేలనుబట్టియు, ఋతువునుబట్టియు, చెట్టు వయస్సునుబట్టియు మారుచుండును. పోయినయేడు గుణమిచ్చిన పిడికెడు ఈయేడు విషము కావచ్చును, లేక పనికిమాలినది కావచ్చును. పరీక్షకు నిలిచిన మూలికలు లేకపోలేదు. అందుగు చెట్టు బంకను మోకాలి అరుగుదల నొప్పికి వాడి చేసిన పరీక్షలను 2014లో కాక్రేను సంస్థవారు సమీక్షించి, నొప్పి కొంత తగ్గుచున్నట్లు కనుగొనిరి. ఆ పరీక్షలలో వాడినది తూచి తయారుచేసిన సారము.

మరియొక మోసమును గుర్తింపవలయును. వనమూలికల పొడియని పేరుపెట్టి, లోలోపల స్టెరాయిడులనో, నొప్పి మాత్రల పొడినో కలిపి అమ్ముట దేశమున పలుచోట్ల పరీక్షలలో బయటపడినది. ఒక్క పూటలో కీళ్ల నొప్పులన్నియు మాయమైనచో సంతోషింపక సందేహింపవలెను. కొన్ని నెలలు వాడినవారికి ముఖము ఉబ్బుట, మధుమేహము, ఎముకల బలహీనత, కడుపులో పుండ్లు, మూత్రపిండముల చేటు కలుగును. ఆకస్మికముగా మానినను అపాయమే.

మూలికకు విడువరాని నొప్పులు

ఇక ఉపన్యాసములో ముఖ్యభాగము. గ్రామమున నొప్పియని వచ్చు వారిలో అధికులు కాయకష్టముచేత నొచ్చినవారే. కొందరియందు మాత్రము నొప్పి లోపలి యపాయమునకు సూచన. ఆ కొందరిని వేరుపరచుట తెలిసినచో చాల మరణములు తప్పును.

మొదటిది కొడవలికణ వ్యాధి, అనగా సికిల్ సెల్. బస్తరు ఆదివాసులలోను, గోదావరి మన్యమునందును ఇది కలదు. ఈ వ్యాధిలో ఎఱ్ఱ రక్తకణములు కొడవలివలె వంగి గట్టిపడి సన్నని నాళములలో చిక్కుకొనును. రక్తము అందనిచోట దుర్భరమైన నొప్పి పుట్టును. 1910లో చికాగో నగరమున హెర్రిక్ మొదట దీనిని వర్ణించెను. 1949లో పాలింగు బృందమువారు రక్తవర్ణద్రవ్యమందలి దోషమే కారణమని తేల్చిరి. 1952లో మన దేశమున నీలగిరి ఆదివాసులలో కనుగొనబడెను. తల్లిదండ్రు లిరువురును లక్షణవాహకులైనచో ప్రతి కాన్పునను బిడ్డకు వ్యాధి సోకుటకు నాల్గింట నొకపాలు అవకాశము.

ఈ నొప్పి వాతమువలె కనబడును. చంటిబిడ్డకు చేతులును పాదములును వాచి, ముట్టిన నేడ్చును. పెద్దపిల్లలకు కాళ్లయెముకలు, వీపు, కడుపు నొచ్చును. కొన్ని దినములకు తనంత తగ్గి, మరల కొన్నినాళ్లకు వచ్చును. తగ్గినప్పుడు మూలిక పనిచేసినదనియు, వచ్చినప్పుడు దేవత కోపించినదనియు జనులు తలచుట సహజము. ఈ భ్రమలో ఏండ్లు గడచి, ఒకనాడు బిడ్డ రొమ్ము నొప్పితోను ఆయాసముతోను చనిపోవును. వాపుమీద కాల్చిన యినుముతో వాతలు పెట్టుటవలన పుండ్లుపడి చీముపట్టి, వ్యాధి మరింత ప్రకోపించును.

ఈ వ్యాధిలో నొప్పిని రేపు కారణములు ముఖ్యముగా నీరు తక్కువగుట, చలి, జ్వరము, మితిమీరిన శ్రమ. వేసవిలో తునికాకు కోయు దినములలో ఎండలో నీరు త్రాగక పనిచేయుటయు, వానలలో తడిసి వణకుటయు ప్రమాదకరములు. నొప్పి మరచుటకు ఇప్పసారా త్రాగుట కలదు. సారా ఒడలిలోని నీటిని హరించి నొప్పిని రెట్టింపజేయును. ఇట్టి రోగికి నీరు మెండుగా నిచ్చి, వెచ్చని కాపడము పెట్టి, పారాసిటమోలు నిచ్చి, ఆసుపత్రికి పంపవలెను. చల్లని పట్టు వేయరాదు. వావిలియాకు కాపడము ఇచ్చట నిషిద్ధము కాదు. అది మాత్రమే చాలుననుకొనుట ప్రాణాంతకము. హైడ్రాక్సీయూరియా అను మందును వైద్యుని పర్యవేక్షణలో ప్రతిదినము పుచ్చుకొనినచో నొప్పి వచ్చుట తగ్గును. అమెరికాలో 1998లో దీనికి అనుమతి లభించినది. మన దేశమున 2023 జూలై 1వ తేదీన ఆరంభమైన జాతీయోద్యమము 40 సంవత్సరముల లోపు వయస్సుగల 7 కోట్ల మందికి పరీక్ష చేయుటయు, 2047 నాటికి వ్యాధిని తొలగించుటయు లక్ష్యములుగా గలది. పిల్లవానికి ఏటేట వచ్చు వాతము అను మాట విన్నప్పుడెల్ల రక్తపరీక్ష జరిగినదా యని యడుగుట అధికారి విధి.

రెండవది తెల్లవారుజామున అకస్మాత్తుగా వచ్చు కడుపునొప్పి. నేలమీద పండుకొనువారిని కట్లపాము రాత్రివేళ కరచును. కాటు నొప్పి యుండదు, వాపు రాదు, గుర్తును కనబడదు. రోగి కడుపునొప్పితోనో, గొంతునొప్పితోనో మేల్కొనును; తరువాత కనురెప్పలు వ్రాలును, మాట ముద్దయగును, ఊపిరి నిలుచును. దీనిని అజీర్ణమని కషాయము పోయుచు గడపిన రెండుగంటలే ప్రాణములు. కనురెప్పలు వ్రాలుచున్నచో నోట ఏమియు పోయక, విషనివారణ సూదిమందు గల ఆసుపత్రికి తరలింపవలెను.

మూడవది జ్వరముతో గూడిన తలనొప్పి, ఒడలినొప్పులు. బస్తరులో ఇది మలేరియా కాదని పరీక్ష చెప్పువరకు మలేరియాయే యని తలపవలెను. 2020లో ఆరంభమైన మలేరియా ముక్త బస్తరు ఉద్యమమున కార్యకర్తలు ఇంటింట పరీక్షచేసిరి. జ్వరము లేనివారియందును క్రిములు కనబడుట వలన నిట్టి పరీక్ష యవసరమైనది. డెంగీ సందేహమున్నచో ఆస్పిరినును, విల్లో బెరడువంటి మందులును ఇయ్యరాదు, రక్తస్రావము హెచ్చును.

నాల్గవది, రొమ్మునొప్పి, గర్భిణికి కడుపునొప్పి, కడుపు పలకవలె గట్టిపడుట, మెడ వంగని తలనొప్పి, కాలు చేయి పడిపోవుటతో గూడిన నడుమునొప్పి, తగ్గక తూకము తగ్గించుచు రాత్రులు మేల్కొలుపు నొప్పి. వీనికి మూలికలు లేవు.

ఈ తుదిదానిలో అనేకము క్యాన్సరు. ఇది ముదిరినప్పుడు నొప్పిని తగ్గించు మందులలో శ్రేష్ఠమైనది మూలికాసంభవమే: నల్లమందు సారమగు మార్ఫిను. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము కఠినముగా నుండుటచేత ఆసుపత్రులు దీనిని నిలువయుంచుటకు జంకుచుండెను. 2014లో చట్టమును సవరించి, అత్యవసర మాదకౌషధముల వాడుకను సులభముచేసిరి. అయినను జిల్లాలో గుర్తింపుపొందిన సంస్థ యేదో కలెక్టరు కార్యాలయమువారికే తెలియకపోవుట కలదు. అడవిలో పుట్టిన మనిషి, మొక్కనుండియే వచ్చిన మందు లభింపక అరచుచు చనిపోవుట పాలనాదోషమే గాని విధి కాదు.

అధికారులు చేయదగిన పనులు

1. గునియాలను, సంతలో వేళ్లు అమ్మువారిని బెదరింపరాదు. బెదరించిన మూలికలు పోవు, చాటునకు పోవును. రోగియు చాటునకు పోవును. వారి పేరులను, వారు వాడు మొక్కలను వారి సమ్మతితో వ్రాసియుంచవలెను.

2. ప్రతి సంతలోను పైన చెప్పిన నాలుగు విషమూలికల చిత్రములతో పలక కట్టవలెను. చదువురాని వారికి చిత్రమే చట్టము. హల్బీ, గోండి, దోర్లి భాషలలో చాటింపు వేయింపవలెను. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2019 అక్టోబరు 2వ తేదీనుండి సంతలలో వైద్యశిబిరములు నడపు పద్ధతిని ఆరంభించెను. రోగి సంతకు వచ్చుచున్నాడు గనుక వైద్యమును సంతకే రావలెనను సూత్రము గోదావరి కీవలి సంతలకును తగినదే.

3. ఛత్తీస్‌గఢ్‌లో 2002నుండి పనిచేయు మితానిన్లకును, తెలుగుజిల్లాల ఆశా కార్యకర్తలకును, గునియాలకును కలిపి ఒక్కచోట శిక్షణ నియ్యవలెను. కాపడము పెట్టుట గునియాకు విడిచి, విడువరాని నాలుగు నొప్పులను కంఠస్థము చేయింపవలెను. రోగిని తానే వెంటబెట్టుకొని తెచ్చిన గునియాను ఆసుపత్రిలో గౌరవముతో చూడవలెను.

4. సికిల్ సెల్ చీటి పొందిన వలసకూలీ సరిహద్దు దాటినను, ఆ చీటి చూచి మందు ఇయ్యవలెను. మిరపపొలములలో త్రాగునీరు, నీడ యున్నదో లేదో తాలూకా అధికారి చూడవలెను.

5. పేరులేని నొప్పి పొడులను ఔషధ తనిఖీదారుచే నమూనా తీయించి పరీక్షకు పంపవలెను. సర్వరోగనివారిణి యను ప్రకటనల విషయమున 1954వ సంవత్సరపు ఔషధ, మాంత్రిక చికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టమును పురపాలకులు గుర్తుంచుకొనవలెను.

6. విషనివారణ సూదిమందు ఎచ్చట నున్నదో, వానకాలమున దారి తెగినప్పుడు ఎటు పోవలెనో ప్రతి గ్రామమునకు ముందుగా తెలుపవలెను.

7. నరమామిడివంటి చెట్ల బెరడును చుట్టును ఒలిచిన చెట్టు చచ్చును. ఒక ప్రక్క మాత్రమే, పట్టీగా తీయుమని చెప్పవలెను. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము చిన్నతరహా అటవీఫలములపై అడవివాసుల కధికార మిచ్చినది. ఆ యధికారము గలవారే చెట్టును కాపాడుకొనగలరు. అడవుల నిర్బంధము కారణములలో నొకటిగా 1910లో బస్తరున భూంకాల్ తిరుగుబాటు రేగినదని మరువరాదు.

ముగింపు

బస్తరు మూలికలలో మేలు చేయునవి గలవు, చంపునవియు గలవు, మేలు చేయకపోయినను ఓదార్చునవి మరి యెన్నియో గలవు. ఓదార్పునకు అడ్డు చెప్పుట ప్రభుత్వమునకు తగదు. నొప్పి చెప్పిన వెంటనే మందు వెదకుటకు మారుగా, ఈ నొప్పి ఎచ్చట, ఎప్పటినుండి, దేనితో గూడి వచ్చినది అను మూడు ప్రశ్నలు గునియా యింటను, మితానిన్ యొద్దను, తాలూకా కచ్చేరియందును ఒక్కరీతిగా అడుగునట్లు చేయుట తగును. దీనికై వ్యయము స్వల్పము, శ్రద్ధ మాత్రము కావలెను. ఈ సంగతులను తమ పరిధిలోని గ్రామసభలలోను, సంతలలోను, పాఠశాలలలోను విశదముగా ప్రకటింపజేయవలసినదిగా అధికారులు కోరబడుచున్నారు.